దిమే ఫోటోకి దండ

ట్రుగనీనా, మెల్‌బోర్న్
మే 4, 2025

అక్కా,

నువ్వన్నట్టే కాగితం మీద రాస్తన్నా. పెన్ను కొనుక్కోవాల్సి వచ్చింది. తెలుగు రాసి చాన్నాళ్ళయింది, వంకర్లు ఎక్కువుంటే సర్దుకో.

ముందు నీ షరతులు నేనే రాసి పెడతా, రేపు నువ్వు మాట మార్చకుండా. ఒకటి, ఫోన్ చెయ్యకూడదు. ఫోన్లో నా గొంతు వింటే నువ్వు నమ్మేస్తావు, తర్వాత ఏడుస్తావు. కాబట్టి నెలకో ఉత్తరం, అందులో అంతా నిజం. రెండు, నవంబర్ దాకా ఒకే ఉద్యోగంలో ఉండాలి. ఉంటే లాస్యకి చెవులు కుట్టించేటప్పుడు పాపని నా ఒళ్ళో కూచోబెడతావు. లేదంటే పెదనాన్న కొడుకు కౌశల్ ఒళ్ళో. వాడు డేటా అనలిస్టు గదా, ఒడి మెత్తగా ఉంటది గావాల.

అమ్మా నాన్నా పోయాక నీకు సొంత పుట్టింటి తరఫున మిగిలిన ఒడి నాదొక్కటే అని నేను గుర్తు చెయ్యను. నీకే తెలుసు.

ఉద్యోగం దొరికింది. టైర్ల షాపు, కార్ వాష్, సామాన్లు మోసే ట్రక్కు లాంటిది కాదు. ఇక్కడ గోడౌన్ల మధ్య ఇనాయతుల్లా భాయ్ అని నెల్లూరాయన ఫ్లెక్సీల షాపు పెట్టుకున్నాడు. తెలుగు సంఘం ఉగాది బ్యానర్ నుంచి పంజాబీ వాళ్ళ ట్రక్కు స్టిక్కర్ల దాకా అన్నీ వేస్తాడు. ఇంటర్వ్యూలో ఒకటే అడిగాడు, ఫ్లెక్సీ డిజైన్ తెలుసా అని. ఒంగోల్లో పుట్టినోణ్ణి అడిగే ప్రశ్నేనా భాయ్ ఇది అన్నా. పదకొండేళ్ళకి ఈ దేశం వచ్చేదాకా నేను స్కూలుకి పోయే దారిలో శ్రద్ధగా చదివింది ఫ్లెక్సీలే గదా. మధ్యలో పెద్ద మొహం. పైన గుండ్రాల్లో మహానుభావులు. కింద వరసగా చిన్న మొహాలు దణ్ణం పెట్టుకుంటా. బతికున్నోడికి పూలబొకే, పోయినోడికి దండ, దీపం. ఈ దేశంలో టెన్త్‌లో మానేసినోడికి పనికొచ్చిన చదువు ఇదొక్కటే.

మొదటి పెద్ద ఆర్డర్ కూడా నాకే ఇచ్చాడు. బ్లాజే అని ఒక పెద్దాయన, డెబ్బై ఏడేళ్ళు, స్కోప్యే అనే ఊరాయన. అది మాసిడోనియాకి రాజధాని అంట. థామస్‌టౌన్‌లో వాళ్ళ వాళ్ళకి ఒక హాలుంది. జూలై 26న అక్కడ పెట్టడానికి వాళ్ళ ఊరి చరిత్ర, ఊరి గొప్పోళ్ళ మీద ఆరు ఫ్లెక్సీలు కావాలన్నాడు. రాజధాని అంటే ఒకటేనా, ఖాయమేనా అని అడిగా. వింతగా చూశాడు. మా వైపు ఒకటన్నారు, మూడన్నారు, మళ్ళీ ఒకటన్నారు, అందుకని అడిగా అని చెప్పా. కూచోమన్నాడు. చరిత్ర నీకు అర్థమయితేనే ప్రింటు వెయ్యాలి అన్నాడు. ఇక ప్రతి మంగళవారం షాపుకి వస్తాడంట, పాఠం చెప్పడానికి.

హిస్టరీ క్లాసులో కిటికీ దూకి పోయినోణ్ణి గదా నేను. ఈ షాపుకి కిటికీ లేదు. రోలర్ డోరు తాళం భాయ్ దగ్గరుంది.

నీ తమ్ముడు
సుబ్బు

*

రౌస్ హిల్, సిడ్నీ
మే 19

ఒరేయ్ సుబ్బూ,

ఉత్తరం అందింది. ఇకనుంచి ఇంటికి కాదు, నేను పనిచేసే డెంటల్ క్లినిక్ అడ్రసుకి పంపు. కింద రాశాను. ఇక్కడ లెటర్‌బాక్స్ మూత సరిగ్గా పడట్లేదు, వానకి తడుస్తోంది. మంగళ, బుధవారాలు నేను క్లినిక్‌లోనే ఉంటా.

షరతులు బాగానే రాశావు. నువ్వు వదిలేసింది నేను రాస్తా. టైర్ల షాపు ఐదు వారాలు. కార్ వాష్ ఆరు. సిడ్నీలో ఉన్నప్పుడు పిజ్జా డెలివరీ ఎనిమిది, అదే నీ రికార్డు. ఎవరూ నిన్ను తీసెయ్యలేదు, అన్నీ నువ్వే మానేశావు. అడిగితే బోర్ కొట్టిందక్కా అంటావు. నాకు పుట్టిల్లు అంటే నువ్వేరా. ఆ ఇంటికి గోడలు ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి, నేను ఏ గుమ్మంలోకి రావాలి?

కౌశల్ సంగతి ఎగతాళి చెయ్యకు. వాడు అడగ్గానే సరే అన్నాడు, ఆ రోజు తన క్యాలెండర్‌లో అరగంట ఖాళీ ఉంచుతాడట.

మీ బావ సాయితేజ అడిగాడు, ఆ స్కోప్యేలో గొప్పవాళ్ళెవరున్నారు అని. నీకు పాఠం ఎంతవరకు ఎక్కిందో రాయి. లాస్యకి కింద పన్ను వస్తోంది. కనపడిందల్లా కొరుకుతోంది, నీ ఉత్తరం మూల కూడా.

అక్క
ఉదయ

*

ట్రుగనీనా
జూన్ 15

అక్కా,

ఆరు వారాలు దాటింది. ఈ మాట ముందు రాసేస్తన్నా, మిగతాది తీరిగ్గా చదువుకో.

బావకి చెప్పు, గొప్పోళ్ళకి కొదవ లేదు. మొదటి ఫ్లెక్సీ జస్టీనియన్ చక్రవర్తిది. రోమ్ వాళ్ళ చక్రవర్తి, పుట్టింది మాత్రం స్కోప్యే పక్కన చిన్న పల్లె. ఎదిగి వేరే ఊళ్ళో కూచుని రాజ్యం ఏలాడు, పుట్టిన పల్లె దగ్గర ఊరు కట్టించి తన పేరు పెట్టుకున్నాడు. మన ఎన్నారైలు ఊళ్ళో బస్టాపు కట్టించి పేరు చెక్కిస్తారు గదా, ఆ రకం.

రెండోది కార్పోష్. 1689లో టర్కీ వాళ్ళ మీద తిరగబడ్డాడు, రాజు అనిపించుకున్నాడు, ఆరు వారాల్లో పట్టుకుని స్కోప్యేలో రాతి వంతెన దగ్గర చంపేశారు. ఆరు వారాలు అనగానే బ్లాజే తాత నా మొహం చూసి, ఏంది నవ్వుతున్నావు అన్నాడు. నా సర్వీసు కూడా అంతే తాతా, కాకపోతే నన్ను వంతెన దాకా తీసుకుపోలేదు అన్నా. ఆ ఏడే ఆస్ట్రియా జనరల్ ఒకడొచ్చాడు. ఊళ్ళో మహమ్మారి ఉందని చెప్పి ఊరు మొత్తం తగలబెట్టించాడు. నెల తిరక్కుండా అదే జబ్బుతో పోయాడు. ఆయన కూడా గొప్పోడేనా అని అడిగితే తాత ఆలోచించి, చిన్న సైజులో వెయ్యి అన్నాడు.

ఇది చెప్తే నువ్వు నమ్మవు. మదర్ థెరిసా అక్కడే పుట్టింది. నేను మనావిడే అనుకుంటా ఉన్నా ఇన్నాళ్ళు. ఈ ఫ్లెక్సీ మీద హాలు కమిటీలో గొడవ. ఆవిడ మావాళ్ళమ్మాయి అని ఒకరు, కాదు అల్బేనియా వాళ్ళని ఇంకొకరు. కమిటీ మీటింగుకి నన్ను కూడా తీసుకుపోయాడు తాత. నేను చెయ్యెత్తి, అయ్యా ఆవిడ స్టాంపు మా పోస్టాఫీసులో అమ్ముతారు, ఆవిడ మాదే అన్నా. అప్పటిదాకా కొట్టుకుంటున్న రెండు పక్షాలూ కలిసి నా మీదకొచ్చాయి. వాళ్ళని కలిపింది నేనే.

ఊరి నడిబొడ్డున గుర్రం మీద కత్తి ఎత్తుకున్న పెద్ద విగ్రహం ఉంది. అందరికీ తెలుసు అది అలెగ్జాండర్ అని. కానీ పేరు మాత్రం గుర్రం మీద యోధుడు. పక్క దేశం గ్రీసు వాళ్ళు ఆయన మావాడు అని అభ్యంతరం పెట్టారంట. మన దగ్గర ఎలక్షన్ కోడ్ వస్తే విగ్రహానికి ముసుగేస్తారు గదా. మొహం కనపడదు, వేలు చూస్తే ఎవరో పిల్లోడు కూడా చెప్తాడు. అట్టా.

ఆరోది మాత్రం నవ్వులాట కాదు. 1963 జూలై 26, పొద్దున ఐదూ పదిహేడుకి భూకంపం. వెయ్యి మందికి పైగా పోయారు. రైల్వే స్టేషన్ గడియారం ఐదూ పదిహేడు దగ్గర ఆగింది, ఇప్పటికీ అట్టాగే ఉంచారు. తర్వాత జపానాయన ఒకరు కొత్త ఊరికి ప్లాన్ గీశాడు, సగం కట్టారు, సగం ఆగింది. విదేశం నుంచి ప్లాను, సగంలో ఆగడం, ఎక్కడో విన్నట్టే అనిపించింది. పైకి అనలేదు, ఎందుకంటే అప్పుడు తాత వాళ్ళమ్మ గురించి చెప్తా ఉండాడు. ఆవిడ, తాత వాళ్ళన్న దిమే, ఇద్దరూ ఆ పొద్దున పోయారు. దిమేకి పదిహేడు. ప్రతి ఏడాదీ హాల్లో పోయినోళ్ళ పేర్లు చదువుతారు, దిమే పేరు చదివి కొవ్వొత్తి వెలిగిస్తారు.

ఈసారి పేర్లతోపాటు ఫోటోలు కూడా పెట్టాలని కమిటీ తీర్మానం. తాత కవర్లో పన్నెండు ఫోటోలు తెచ్చాడు. దిమే ఫోటో చివర ఇచ్చాడు. చిన్నగా వెయ్యి, మూలకి వెయ్యి అన్నాడు. బాధ గావాల. ఎంత బాగున్నాడో అక్కా, నల్లగా నిగనిగలాడే జుట్టు, హీరో లెక్క. మూల వెయ్యాల్సిన మొహం కాదు.

చెవులు కుట్టే రోజు ఎవరెవరొస్తారు? చొక్కా కొనుక్కోవాలి.

సుబ్బు

*

రౌస్ హిల్
జూలై 3

సుబ్బూ,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించా. మదర్ థెరిసా దగ్గర టీ ఒలకబోసుకున్నాడు. పదేళ్ళలో మొదటిసారి నీ నోట చరిత్ర వింటున్నా, అది కూడా తప్పుల్లేకుండా. ఇంటర్నెట్‌లో చూశాలే.

ముహూర్తం పెట్టించాం. నవంబర్ 16, ఆదివారం. మా అత్తయ్య వసుంధర గారికి గన్‌తో కుట్టించడం ఇష్టం లేదు, బంగారపు తీగతోనే కుట్టాలట. హారిస్ పార్క్‌లో ఒక నగల కొట్టాయన ఇంటికొచ్చి కుడతాడని తెలిసింది. పిల్ల ఏడుస్తుంది కాబట్టి ఒళ్ళో పట్టుకునేవాడు గట్టిగా పట్టుకోవాలి, కదలకూడదు అన్నాడు ఆయన. కదలకుండా కూర్చోవడం. నీకు అర్థమైంది కదా నేను ఏమంటున్నానో.

ఎవరెవరొస్తారు అన్నావు. అత్తయ్య తరఫు వాళ్ళే ముప్పై మంది. వాళ్ళ సంగతి అప్పుడు చూద్దాం.

ఒక్క మాట. పెద్దాయన మూల వెయ్యమంటే మూలే వెయ్యి. నీ కళ అక్కడ చూపించకు. మనిషి ఏ ఫోటో ఎందుకు చిన్నగా వెయ్యమంటాడో మనకేం తెలుసు.

అక్క

*

ట్రుగనీనా
ఆగస్టు 2

ప్రియమైన అక్కకు,

నేను క్షేమంగా ఉన్నాను. నువ్వు, బావగారు, చిరంజీవి లాస్య క్షేమమని తలుస్తాను. జూలై 26 కార్యక్రమం చక్కగా జరిగింది. ఫ్లెక్సీలు అందరూ చూశారు. ఇనాయతుల్లా భాయ్ నా పని గురించి చాలాసేపు మాట్లాడాడు. ఉద్యోగం బాగుంది. వాతావరణం చల్లగా ఉంది.

ఇట్లు,
సుబ్బు

*

రౌస్ హిల్
ఆగస్టు 8

ఒరేయ్,

"ఇట్లు" అంట. నా పెళ్ళికార్డులో కూడా ఆ మాట లేదు.

నీ ఉత్తరాల్లో ఎప్పుడూ అడ్డగోలు జోకులు, కొట్టివేతలు, పక్కన మళ్ళీ రాసిన మాటలు ఉంటాయి. ఇందులో ఒక్క కొట్టివేత లేదు. చిత్తుప్రతి రాసుకుని ఎత్తి రాశావు. నిజం ఎవడూ ఎత్తి రాయడు. నేను కాగితం మీద రాయమన్నది ఇందుకే.

అందరూ చూశారు అన్నావు, బాగున్నాయన్నారని రాయలేదు. భాయ్ చాలాసేపు మాట్లాడాడు అన్నావు, ఏం మాట్లాడాడో లేదు. ఏం చేశావురా?

ఈసారి చిత్తుప్రతి పంపు.

అక్క

*

ట్రుగనీనా
ఆగస్టు 24

అక్కా,

ఉద్యోగం పోయింది. కాదు, పోయి వచ్చింది. మధ్యలో మూడు వారాలు లేదు. నీ షరతు ప్రకారం నేను ఓడిపోయినట్టే, కాబట్టి ఇక దాచేదేమీ లేదు, మొత్తం చెప్తా.

మూల వెయ్యమన్నాడు గదా. నువ్వు కూడా చెప్పావు. కానీ ఆరో ఫ్లెక్సీ డిజైన్ చేస్తా ఉంటే మిగతా ఫోటోలన్నీ మసక, దిమే ఒక్కడే కళగా ఉండాడు. చేతులు ఆగలేదు. మధ్యలో వేశా. మూడు మీటర్ల ఎత్తు. మెళ్ళో బంతిపూల దండ. రెండు పక్కలా దీపాలు. వెనక మబ్బులు, మబ్బుల్లోంచి వెలుగు. కింద 1946–1963. దాని కింద తాత ఫోటో, దణ్ణం పెడతా. "కన్నీటి నివాళులతో, నీ తమ్ముడు బ్లాజే" అని ఇంగ్లీషులో. తాత ఆ ఫోటోలో కోటు గుండీ పెట్టుకుంటా ఉంటే చేతులు దణ్ణంలా మార్చా. తాతకి సర్‌ప్రైజ్ అని చూపించలేదు.

26న హాల్లో తెర లాగారు. రెండొందల మంది. అందరూ తలలు దించుకున్నారు. నేను ఏడుపు దాచుకుంటన్నారు అనుకున్నా, వెనక నిలబడి గర్వపడతా ఉన్నా. అప్పుడు ఒక ముసలావిడ నా పక్కకొచ్చి చెవిలో చెప్పింది.

"బాబూ, దిమే సిడ్నీలో రాక్‌డేల్‌లో ఉండాడు. టమాటాలు పండిస్తాడు. పోయినేడు నాకు విత్తనాలు కూడా పంపాడు."

అక్కా, హాల్లో సగం మందికి తెలుసంట. ఎన్నో ఏళ్ళుగా బతికున్నోడి పేరు చదువుతా ఉంటే తలలు వంచుకుని నిలబడ్డారు. కొవ్వొత్తి వెలిగించారు. ఒకాయన సిడ్నీ పోయినప్పుడల్లా దిమే ఇంట్లో భోంచేసి, జూలైలో వచ్చి దిమే ఆత్మకి శాంతి కోరుకునేవాడంట. మరి ఎందుకు చెప్పలేదయ్యా అని అడిగా. బ్లాజే అడగలేదు గదా అన్నాడు. పేరు చదివితే ఎవరికీ నొప్పి లేదు. నేను దండ వేసేసరికి అందరికీ దోషం తగిలినట్టయింది.

సోమవారం తాత షాపుకొచ్చాడు. భాయ్ ఏం అడక్కుండానే నన్ను పొమ్మన్నాడు. "బతికున్న మనిషికి దండ వేశావు, రేపు తెలుగు సంఘం ప్రెసిడెంటుకి వేస్తావు" అన్నాడు. పార్కింగులో తాత నా వెనకే వచ్చాడు. తిడతాడు అనుకున్నా. కారు బానెట్‌కి ఆనుకుని నిలబడి అది చెప్పాడు.

ఆ భూకంపం రాత్రి దిమే డాన్సుకి పోయాడంట, ఇంట్లో చెప్పకుండా. వాళ్ళమ్మ తలుపు గడియ వెయ్యకుండా, వాడొస్తే తెలియాలని ఆ గుమ్మం దగ్గరే చాప వేసుకుని పడుకుంది. తాత లోపల గదిలో ఉండాడు. ఐదూ పదిహేడుకి గుమ్మం వైపు గోడ పడింది. లోపలి గది నిలబడింది. దిమే ఆరింటికి వచ్చాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఈ దేశానికొచ్చాక ఎవరో అడిగితే, అన్న కూడా అప్పుడే పోయాడు అన్నాడంట. ఒకసారి అన్న మాట, ఇక ప్రతి ఏడాదీ అనాల్సొచ్చింది. పోయినోళ్ళ ఫోటోలు పెడదామని కమిటీ తీర్మానం చేస్తే చెయ్యెత్తి ఓటు కూడా వేశాడు.

అందుకే మూల వెయ్యమన్నాడక్కా. నువ్వు చెప్పావు.

రెండు వారాల తర్వాత ఆ ఫ్లెక్సీ దించడానికి ఎవరూ ముందుకు రాలేదు. వేసినోడే దించాలని నన్ను పిలిచారు. శనివారం మధ్యాన్నం, నేను నిచ్చెన మీద ఉండా. కింద ఒక పెద్దాయన నిలబడి పైకి చూస్తా ఉండాడు. పక్కన మనవరాలు. ఫేస్‌బుక్‌లో ఎవరో పెట్టిన ఫోటో ఆ పిల్ల చూసిందంట. బట్టతల, చేతిలో ప్లాస్టిక్ సంచి.

"నువ్వేనా వేసింది?" అన్నాడు.

నేనే అన్నా. నిచ్చెన మీదనుంచే.

"పూలు బాగున్నాయి. ఏం పూలు?"

"బంతిపూలు. మా వైపు పోయినోళ్ళకి వేస్తాం." అని, "పెళ్ళిళ్ళకి కూడా వేస్తాం" అని కలిపా.

"నా జుట్టు ఇంత నల్లగా ఉండేది కాదు" అన్నాడు.

అప్పుడే బ్లాజే తాత తాళాలు తిప్పుకుంటా వచ్చాడు. చూశాడు. తాళాలు ఆగిపోయినాయి. వాళ్ళ భాషలో ఒక్క ముక్క అన్నాడు. ఏమన్నాడని ఆ మనవరాల్ని అడిగా. "ఇప్పుడా రావడం" అన్నాడంట.

ఆ పొద్దున ఆరింటికి వాళ్ళమ్మ అనాల్సిన మాట అది. అనడానికి ఆవిడ లేదు. అరవై రెండేళ్ళకి తాత అన్నాడు.

దిమే సంచి చాపాడు. టమాటాలు.

తర్వాత కౌగిలించుకున్నారు అని రాద్దామనుకున్నా, కానీ నిజం రాయాలి గదా. కుర్చీలేసుకుని కూచున్నారు, పది నిమిషాల్లో పోట్లాట మొదలెట్టారు. వాళ్ళ ఇంటి తలుపు రంగు ఆకుపచ్చా నీలమా అని. అది ఇంకా తేలలేదు. దిమే రాక్‌డేల్‌కి తిరిగి పోలేదు, అది తేలాలంట.

తాత భాయ్‌కి ఫోన్ చేసి కొత్త ఫ్లెక్సీ ఆర్డర్ ఇచ్చాడు, ఆ కుర్రోడే వెయ్యాలి అన్నాడు. దిమే పక్కన తాత, ఇద్దరికీ బొకే. భాయ్ నన్ను రమ్మన్నాడు. ఇక నుంచి ప్రతి ఫోటో కింద "ఉన్నారు", "లేరు" అని కస్టమర్ చేత టిక్ పెట్టించుకుంటన్నా.

మొత్తం ఇదీ. మూడు వారాలు ఖాళీ. కౌశల్‌కి క్యాలెండర్‌లో ఆ అరగంట ఉంచమని చెప్పు.

సుబ్బు

*

రౌస్ హిల్
సెప్టెంబర్ 5

సుబ్బూ,

నీ ఉత్తరం క్లినిక్‌లో చదివా. లంచ్ టైములో. తర్వాత వచ్చిన పేషెంటు నోరు తెరుచుకుని కూచుంటే, నేను మళ్ళీ ఉత్తరం తీశా.

నీ ఉత్తరం చదివాక నేను కూడా చిత్తుప్రతి లేకుండా రాయాలి.

లెటర్‌బాక్స్ మూత బాగానే ఉంది. ఇంటికి ఉత్తరాలు వద్దన్నది అత్తయ్య చూస్తారని. పెళ్ళిచూపులప్పుడు వాళ్ళు తమ్ముడేం చేస్తాడని అడిగారు. అప్పుడు నువ్వు స్కూల్ మానేసి మూడేళ్ళు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు అన్నా. ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. ఇంజనీరింగ్ అన్నాక నాలుగేళ్ళకి పాస్ చెయ్యించాలి కదా, చేయించా. పాసయ్యాక ఉద్యోగం ఇప్పించాలి. పెర్త్ అవతల గనుల్లో ఇప్పించా, అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు, నువ్వు పండగలకి రాకపోయినా ఎవరూ అడగరు. పోయినేడు ప్రమోషన్ కూడా ఇచ్చా. మీ బావకి తెలుసు, వాళ్ళమ్మ ముందు నోరు మెదపడు.

ఆరు నెలలు ఉద్యోగంలో ఉండమన్న షరతు నీ కోసం కాదురా. నువ్వు ఎలాగూ ఉండవు, కౌశల్‌ని కూచోబెట్టి తప్పు నీ మీద వెయ్యొచ్చు అనుకున్నా. నువ్వు ఆరు వారాలు దాటేసరికి నాకు భయం మొదలైంది. నెగ్గితే ఏం చెయ్యాలి? ముప్పై మంది ముందు నువ్వొచ్చి కూర్చుంటే, బొగ్గా ఇనుమా అని ఎవరైనా అడిగితే?

బ్లాజే గారిని తప్పు పట్టడానికి నేనెవర్ని. ఆయన ఫోటో చిన్నగా వెయ్యమన్నాడు. నేను ఫోటోనే లేకుండా చేశా.

తిట్టాలనుకుంటే ఫోన్ చెయ్యి. షరతు తీసేశా.

అక్క

*

ట్రుగనీనా
సెప్టెంబర్ 14

అక్కా,

ఫోన్ చెయ్యను. ఫోన్లో నీ గొంతు వింటే నేను నమ్మేస్తా.

ప్రమోషన్ సంగతి తెలీదు, థాంక్స్. మిగతాది నాకు తెలుసు. రెండేళ్ళ నుంచి.

సిడ్నీలో పిజ్జా డెలివరీ చేసేటప్పుడు ఒకసారి రౌస్ హిల్ ఆర్డర్ వచ్చింది. పేరు చూడలేదు, బెల్లు కొట్టా, మీ అత్తయ్య తలుపు తీసింది. వాళ్ళ చెల్లెలి ఇల్లంట అది. నా ఎర్ర టోపీ వంక చూసింది, పిజ్జా వంక చూసింది. "సుబ్బూ, గనుల నుంచి సెలవా బాబూ?" అంది. ఏ గనులో నాకేం తెలుసు. నువ్వేదో చెప్పి ఉంటావు అనుకుని, "అవునత్తయ్యా, రెండ్రోజులు" అన్నా. "ఖాళీగా ఉండలేక ఇది చేస్తున్నావా, మంచిది" అంది.

ఎనిమిదో వారంలో ఆ ఉద్యోగం బోర్ కొట్టి మానలేదక్కా. మళ్ళీ ఆ వీధి ఆర్డర్ వస్తే నీ పరువు పోతదని మానేశా. అదే వారం సిడ్నీ కూడా వదిలేశా. నీకు చెప్పలేదు. నువ్వు అడగలేదు గదా.

నేను నెగ్గితే నువ్వు నిజం చెప్పాల్సొస్తదని నాకు తెలుసు. అందుకే నెగ్గాలనుకున్నా. మూడు వారాలతో పోయింది.

దండ వేసినోడే దించాలి. హాల్లో నాకు చెప్పిన రూలు అది. నిచ్చెన కావాలంటే చెప్పు.

సుబ్బు

*

రౌస్ హిల్
అక్టోబర్ 6

సుబ్బూ,

నిన్న పొద్దున కాఫీ దగ్గర అత్తయ్యకి చెప్పా. నిలబడే చెప్పా, కూర్చుంటే చెప్పలేనని. మొత్తం విన్నారు. విని కాఫీలో చక్కెర తక్కువైందన్నారు. తర్వాత, "గనుల్లో పనిచేసేవాడి గోళ్ళు అంత శుభ్రంగా ఉండవమ్మా. నాకు ఆ రోజే తెలుసు" అన్నారు. మరి ఎందుకు అడగలేదు అన్నా. "నువ్వు అంత కష్టపడి ప్రమోషన్ దాకా తెచ్చావు, నేనెందుకు చెడగొట్టాలి" అన్నారు. వాళ్ళ చెల్లెలికి కూడా తెలుసట. ముప్పై మందిలో ఎంతమందికి తెలుసో నేను లెక్క అడగలేదు. పోయినేడు ప్రమోషన్ అని చెప్పినప్పుడు వాళ్ళందరూ నాకు స్వీట్లు పంచిపెట్టారు.

కౌశల్‌కి ఫోన్ చేసి చెప్పా. ఆ అరగంట ఏం చెయ్యాలో తెలీట్లేదన్నాడు. భోజనాలు వడ్డించమన్నా.

ఇది నీ షాపుకి ఆర్డర్. భాయ్‌కి చూపించు, సరైన బిల్లు వెయ్యమను.

ఫ్లెక్సీ ఒకటి, రెండు మీటర్లు చాలు, మా హాల్లో అంతే పడుతుంది. మధ్యలో లాస్య, కొత్త పళ్ళు కనపడేలా. ఫోటో పంపిస్తా. పైన గుండ్రాల్లో అమ్మ, నాన్న. వాళ్ళకి దండ, దీపం. కింద కుడివైపు మేము ముగ్గురం, నేను, మీ బావ, అత్తయ్య. ఎడమవైపు నువ్వు ఒక్కడివే, మా ముగ్గురికంటే పెద్దగా. మూలకి జరపకు. కింద ఇలా వెయ్యి: మేనమామ సుబ్బు, ఫ్లెక్సీ డిజైనర్, ట్రుగనీనా. ఇంజనీర్ అని వెయ్యకు, చేతులు ఆగలేదని తర్వాత రాయకు. ప్రింటుకి ముందు నాకు చూపించు.

నీ టిక్ కాగితం నింపి దీంతో పెట్టా. అమ్మ, నాన్న, లేరు. మిగతా అందరం ఉన్నాం. నీ పేరు దగ్గర రెండుసార్లు పెట్టా, మొదటిది సరిగ్గా పడలేదు.

తెల్ల చొక్కా వద్దు. పిల్ల కక్కుతుంది.

అక్క